వీడియో బాబాయి చివరి క్యాసెట్

మాచర్ల నుంచి పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి పోయాడమ్మా. పొద్దున టీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయాడు" అని ఆమె ఏడుస్తుంటే నా నోటిదాకా వచ్చి ఆగిన మాట ఏమిటో తెలుసా? "నా క్యాసెట్ ఏమైంది?" అని. సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ పాపిష్టి ఆలోచన తర్వాతే కన్నీళ్ళు వచ్చాయి.

ఆయన మాకు చుట్టం కాదు, స్టేషన్ రోడ్డులో మా ఎదురింటాయన. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వీడియో తీసేవాడు కనక మా వీధి పిల్లలందరికీ వీడియో బాబాయి. నా ఓణీల ఫంక్షన్ తీసిందీ ఆయనే. ఆ తర్వాత రెండేళ్ళకే మా అమ్మ పోయింది. ఫోటోలున్నాయి కాబట్టి ముఖం మర్చిపోలేదు. గొంతే మర్చిపోయాను. ఎంత గింజుకున్నా గుర్తుకు రాదు.

అందుకే కిందటేడు ఆ ఫంక్షన్ క్యాసెట్ పట్టుకుని నరసరావుపేట నుంచి ఆయన దగ్గరికి పరిగెత్తాను, కంప్యూటర్లోకి ఎక్కించమని. పాత వీసీఆర్‌కి మూడు రంగుల వైర్లు గుచ్చి, ఒక చిన్న డబ్బా మీదుగా కంప్యూటర్‌కి కలిపాడు.

"ఎంతసేపు పడుద్ది బాబాయ్?"

"క్యాసెట్ ఎంతసేపు ఆడుద్దో అంతసేపు. దీనికి తొందర తెలవదమ్మా."

టేపు ఎక్కడ నలుగుతుందోనని కుర్చీలోంచి లేవలేదాయన. పిన్ని తెచ్చిన టీ చల్లారిపోయింది. నాకేమో కాలు నిలవదు. "ఇదంతా అక్షింతలేగా, ముందుకు తొయ్యి బాబాయ్" అని వంద సార్లు అనుంటాను. "తోస్తే అది ఎక్కదమ్మా" అని వంద సార్లూ చెప్పాడు.

తెర మీద అమ్మ నా జడలో పూలు సర్దుతోంది. ఎవరితోనో ఏదో అంటూ నవ్వుతోంది. ఏమంటోందో వినపడదు. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే.

"మాటలేవి బాబాయ్?"

"మిక్సింగ్‌లో తీసేసి పాటలు ఏసేవాళ్ళం. అప్పట్లో పాటల్లేకపోతే ఇదేం వీడియో అని మొహాన కొట్టేవాళ్ళు."

"మా అమ్మ గొంతు తుడిచేశావు గదా!" అనేశాను. ఎంత మాట! ఆయన వైర్లు చుట్టి పక్కన పెట్టాడు.

ఆ మర్నాడే అటక మీద పెట్టెలన్నీ దించాడట. పాటలు కలపకముందు, కెమెరాలో తీసిన అసలు క్యాసెట్ ఎక్కడన్నా మిగిలిందేమోనని. అలాంటివాటి మీదే మళ్ళీ ఇంకో పెళ్ళి తీసేసేవాళ్ళు, ఆశ తక్కువే. నేను రోజు విడిచి రోజు ఫోన్. "వెతుకుతున్నా గదమ్మా, కాస్త నిమ్మళంగా ఉండు" అనేవాడు. ఉంటేగా నేను!

దొరికింది, బూజు పట్టి. మరలు విప్పి, వారం రోజులు ఆ టేపును జానెడు జానెడు తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్ బస్సులో పంపాడు. టీవీకి గుచ్చితే ఈ ఫైలు ఆడదు అని వచ్చింది. మళ్ళీ ఆయన మీదే అరిచాను.

"మీ టీవీకి ఈ రకం ఫైలు తెలవదమ్మా. ఎనక్కి పంపు, మార్చి ఇస్తా. ఈసారి నేను టీవీలో మొత్తం చూసుకునే ఇస్తా."

ఆయనతో అదే ఆఖరు మాట. పెన్‌డ్రైవ్ మళ్ళీ బస్సులో పంపానే గానీ థాంక్స్ కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకుందామంటే ఎవరున్నారు?

పెద్దకర్మ నాడు పిన్ని పెన్‌డ్రైవ్ ఉన్న కవరు ఒకటి చేతిలో పెట్టింది. "పోయే ముందు రోజు కూర్చుని మొత్తం చూశాడు. నీదేనంట" అంది. కవరు మీద ఆయన రాత: 'టీవీలో వస్తంది. చివర మనుషులు కనపడరు. ముందుకు తొయ్యమాక.'

ఇంటికొచ్చి పెట్టాను. మూడు గంటలు. మైకు సెట్టు హోరులో ఎవరి మాటా తెలియదు. రిమోట్ మీద వేలు పెట్టడం, తీయడం. లేచి తిరగడం, మళ్ళీ కూర్చోవడం. చివరికి మైకు ఆగింది. కెమెరాను ఆపకుండానే నేల మీద పెట్టినట్టున్నాడు. ఒక కుర్చీ కాళ్ళు, గోడ అంచు, అంతే.

"ఏందబ్బాయ్, పొద్దుటినుంచీ నుంచునే ఉన్నావు. ముందు అన్నం తిను."

ఎవరో ఆడమనిషి. సన్నటి గొంతు, కాస్త బొంగురుపోయింది. నేను గుర్తుపట్టలేదు.

"ఇంకా చానా మందిని తియ్యాల వదినా."

మా ఇంట్లో ఆయన వదినా అని పిలిచేది ఒక్కరినే.

"తీద్దువుగానిలే. ఆ డబ్బా ఎక్కడికీ పోదు. కూర్చో."

కుర్చీ కాళ్ళు నేల మీద కిర్రుమని జరిగాయి. గిన్నె చప్పుడు. "ఇంకాస్త పప్పు ఎయ్యనా?" అని అమ్మ. "చాలు వదినా, చాలు" అని బాబాయి. రిమోట్ టీవీ పక్కన పెట్టేసి వచ్చి కింద కూర్చున్నాను. టీవీలో గోడ వారన ఎవరి జడలోంచో రాలిన మల్లెపువ్వు ఒకటి ఫ్యాను గాలికి కదులుతోంది. ఆయన ఇంకా అన్నం తింటున్నాడు.