మెరిపించిన బోల్టులు

మా అక్కకు విడవలూరులో హార్డ్‌వేర్ కొట్టు ఉంది. అది నాన్న నుంచి వచ్చింది. నాకు నాన్న నుంచి వచ్చింది బేరమాడే నోరు ఒక్కటే. చెన్నైలో ఒక ల్యాబ్‌లో లోహాన్ని పరీక్షల కోసం పలుచగా కోసే ఉద్యోగం నాది. అయినా ఆటో ఎక్కేటప్పుడు ఇప్పటికీ మీటరు చూడను, డ్రైవరు మొహం చూస్తాను.

పోయిన వేసవిలో అక్క ఫోన్ చేసి ఏడ్చింది. మా కొట్టుకు ఏళ్ల తరబడి వచ్చే రొయ్యల రైతు ఒకాయన గుంటలో, నీళ్లు చిమ్మి గాలి పట్టించే ఏరేటరు చక్రం ఊడి నీళ్లలో పడింది. దాన్ని పట్టి ఉంచే స్టీలు బోల్టులు ఒక్క పంటకే గుల్లబారాయి. ఆయన వాటిని తెచ్చి బల్ల మీద పోసి, నలుగురూ వింటుండగా అన్నాడట: "ఏందక్కా, స్టీలని చెప్పి ఇనుము అంటగట్టినావే! నిన్ను కూడా నమ్మకుంటే ఇంకెవర్ని నమ్మేది?"

"కొత్తవి ఇచ్చి పంపరాదా?" అన్నాను.

"ఇస్తానంటే తీసుకోలేదు. బోల్టులు పోతే పోయినాయబ్బా, నా మాట పోయింది. నేను మోసం చెయ్యలేదని ఎట్ట చెప్పేది?"

మరుసటి ఆదివారం వెళ్లి పాడైన బోల్టులు రెండు, కొట్టులోని కొత్తవి కొన్ని, ఒక సీసాడు గుంట నీళ్లు తెచ్చుకున్నాను.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపల గాలి ఉండదు, మామూలుగా అయితే నీళ్లు నిలవవు. మా ల్యాబ్‌లో దానికొక చిన్న గూడు ఉంది. రెండు పలుచటి కిటికీల మధ్య చుక్క కంటే తక్కువ నీళ్లు, అందులో వెంట్రుకలో వెయ్యోవంతు మందం లోహం. తుప్పు పట్టాక కాదు, పడుతుండగానే చూడొచ్చు. ఆ మైక్రోస్కోపు నడిపే మేడమ్‌ను రెండు రోజులు అడిగాను, ఒకటి ఇస్తే చాలనుకుని.

"ఒక పూట," అన్నారావిడ.

"రెండు పూటలు చేయండి మేడమ్. పనయ్యాక మీ నమూనాలన్నీ నేనే కోసిపెడతాను."

"ఇది మైక్రోస్కోపా, కూరగాయల బండా?" అని నవ్వి, రెండు పూటలు రాశారు. ఇంకొకటి అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ బాధే.

ముందు లోహం ఏమిటో చూశాం. అసలైన స్టీలే. అక్క మాట నిలిచిందని ఎగిరి గంతేయబోయాను. కానీ స్టీలైతే మరి తుప్పు అంత త్వరగా ఎందుకు తిన్నది?

అప్పుడు కొత్త బోల్టు ముక్కను గుంట నీళ్లలో పెట్టాం. తెర మీద నునుపైన చోటంతా నిమ్మళంగా ఉంది. ఒక గీత పక్కన మాత్రం చీమ తలంత మచ్చ లేచింది, గుంతయింది, చూస్తుండగానే లోపలికి తవ్వుకుపోయింది. ఆ గీతలో ఇరుక్కుని ఉన్నది స్టీలు కాదు, మామూలు ఇనుము.

ఆ ఇనుము ఎక్కడిదో నాకు తెలుసు. మా కొట్టులో సముద్రపు గాలికి బోల్టులు మాసిపోతాయి. పొట్లం కట్టేముందు కొనేవాడి ఎదురుగానే ఇనుప బ్రష్‌తో రుద్ది మెరిపించడం మా ఆనవాయితీ. నాకు కట్టిచ్చినవాటిలోనూ కొన్నింటిని అక్క అలాగే రుద్దింది. పాత గొలుసుల తుప్పు గీకేదీ ఆ బ్రష్షే. ఆ ఆనవాయితీ మొదలుపెట్టిన మేధావిని నేనే, తొమ్మిదో తరగతిలో. మెరిసే సరుకుకు రేటు తగ్గదని.

"తొందరపడకు," అన్నారు మేడమ్. "ఎలక్ట్రాన్లు తగిలితే నీళ్లే విరిగి లోహాన్ని తినొచ్చు. తిన్నది గుంట నీళ్లో, మన మైక్రోస్కోపో తేలాలి."

రెండో పూట ఎలక్ట్రాన్లను ఆపి ఉంచి, చూడాల్సిన క్షణంలోనే వదిలాం. రుద్దిన ముక్కలో గుంతలు పడ్డాయి. రుద్దని ముక్క అలాగే ఉంది. నమ్మకం చాలక మా ఇంటి కిటికీలో కూడా రెండు గ్లాసులలో గుంట నీళ్లు పోసి, ఒక్కో రకం బోల్టు వేసి నెల రోజులు ఉంచాను. అదే తేలింది.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే తప్పు మనదే," అంది. "సరుకుది కాదు, చేతిది. ఆయన్ను పిలిపిస్తా. నువ్వే వచ్చి చెప్పు."

రైతు కొట్టుకు వచ్చి, కూర్చోకుండా నిలబడే ఫోన్‌లో వీడియో చూశాడు. మచ్చ లేవడం, గుంత పడడం రెండుసార్లు చూశాడు.

"ఈ గీతలు మీరు పెట్టినవేనా?"

"మేమే అన్నా. రుద్దడం నేర్పింది నేను. ఇనుము అమ్మలేదు, ఇనుము అంటించినాం."

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి అక్క వైపు చూశాడు. "నలుగురిలో మాటన్నాను కదక్కా. నలుగురిలోనే చెప్తాలే, స్టీలు స్టీలేనని." తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కొత్త పంటకు బోల్టులు కావాల. రుద్దనివి తియ్యి. మాసినయ్యి గదా, రేటు కొంచెం తగ్గించుకో."

"మాసినయ్యి కాబట్టే ఎక్కువ రోజులుంటాయి," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "పైసా తగ్గేది లేదు."

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. బేరం వాళ్లిద్దరిదీ.