సున్నం కింద గీతలు

రిటైరైనంక భద్రాచలంల మా ఇంటి పెరడు బాగుచేద్దామని పెద్ద లిస్టు రాసుకున్న. బాత్రూం ఎత్తు లేపాలె, బండలు పరవాలె, పూలమడులు కట్టాలె. సులువు పని కదా అని ముందుగాల వెనక గోడకు సున్నం కొట్టిన. ఆ గోడ మీది బొగ్గు గీతలు చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

మర్నాడు మేస్త్రి వచ్చి, "గోదారి నీళ్లు ఎక్కడిదాకా వస్తయి సార్? దానిమీద జానెడు లేపుత" అన్నడు. చూపిద్దామని గోడ దిక్కు తిరిగిన. తెల్లగ మెరుస్తున్నది. వరద వచ్చినప్పుడల్లా నా భార్య గీసి పెట్టిన గీతలవి. నా తెలివికి నాకే సిగ్గేసింది.

మా మాటలు విని ఆమె పెరట్లకొచ్చింది. పోయి గోడకు ఆనుకొని నిలబడి, మెడ కింద చెయ్యి పెట్టి చూపింది.

"పెద్ద వరదకు ఇక్కడిదాకా."

అప్పుడు నేను పాల్వంచల డ్యూటీ మీద ఉన్న. ఇంటికొచ్చినంక గోడ మీది గీత చూసిన. అన్ని నీళ్లల్ల ఎట్లున్నవని ఆమెను అడగలే.