నాపరాయి అరుగు మీద కొరివికారం

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను చూసుకుంటుంటే మా పెన్షనర్ల గ్రూపులో ఎవరో ఒక పొడుగాటి మెసేజి పెట్టారు. పైన గులాబీలు, కింద దణ్ణాలు, మధ్యలో "ఎవరు రాశారో గానీ కళ్ళు చెమర్చాయి" అని ఒక ముక్క. కళ్ళజోడు సర్దుకుని చదవబోతే రెండో వాక్యానికే చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాను. అది నేను రాసిందే. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద వాన పడ్డ రోజు గురించి ఎప్పుడో నా బ్లాగులో రాసుకున్నది, ఎన్ని చేతులు మారిందో ఏమో, మిరపకాయలు కాస్తా వడ్లయ్యాయి, మా పల్నాడు కాస్తా ఏదో కొబ్బరితోటల ఊరయింది. కోపం రాలేదు. తప్పిపోయిన గేదె ఎవరి దొడ్లోనో కనపడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది. అది మెడ తిప్పి నా వైపు చూసినట్టే ఉంది.

బ్లాగుల రోజులు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. ఫోనులో వేలితో తోసుకుంటూ చదివే కాలం కాదది. మా అమ్మాయి గుంటూరులో ఇంజనీరింగు చదువుతుండగా ఇంట్లోకి ఒక కంప్యూటరు వచ్చింది. దానికి నేను పూల గుడ్డతో గలేబు కుట్టాను. నెట్టు పెడితే ఫోను పనిచేయదు, ఫోను కావాలంటే నెట్టు తీసేయాలి. బడి నుంచి ఏ కబురొచ్చినా తెలియడం లేదని బడిపంతులైన మా ఆయన సణుగుతుండేవారు. నేను మండలాఫీసులో తెలుగు టైపిస్టుని. ఉద్యోగమంతా తెలుగు మిషను మీద తాఖీదులు కొట్టిన వేళ్ళు నావి. అలాంటిది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెరమీద తెలుగు పడుతుందని అమ్మాయి చూపించినప్పుడు, మొదట నా వేళ్ళు మొరాయించి, తర్వాత తమంతట తామే అలవాటు పడిపోయాయి. అన్నేళ్ళూ ఎవరెవరి మాటలో కొట్టిన దాన్ని, నా మాటలు నేను కొట్టుకోవడం అదే మొదలు.

బ్లాగుకి 'నాపరాయి అరుగు' అని పేరు పెట్టాను. ఎండాకాలం రెంటచింతలలో ఉండి చూసినవాళ్ళకి నాపరాయి చల్లదనం సంగతి వేరే చెప్పక్కర్లేదు. సొంత పేరు పెట్టుకోలేదు, ఊరి పేరూ రాయలేదు. అప్పట్లో అందరిదీ అదే తీరు. మస్కట్లో ఎక్కడో క్రేను నడుపుతానన్న ఒకాయన, విశాఖపట్నంలో అత్తగారి మీద సరదాగా రాసే ఒకావిడ, రోజూ ఏదో ఒక పాతమాటకి అర్థం అడిగే ఒక కుర్ర డాక్టరు, ఇలా పదిమందిమి ఒకరి అరుగు మీదికి ఒకరం వచ్చి కూర్చునేవాళ్ళం. ఎవరి ముఖం ఎవరికీ తెలియదు. అయినా డాక్టరు నాలుగు రోజులు కనపడకపోతే విశాఖ ఆవిడ కంగారుపడేది, మస్కట్ ఆయనకి జ్వరమొస్తే ఏ కషాయం తాగాలో అందరం తలా ఒకటి చెప్పేవాళ్ళం.

నేను పేరు దాచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మాది గురజాల పక్క పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు పరిచయమైన మా ఆయన క్రైస్తవులు. చర్చిలో పెళ్ళి చేసుకుని రెంటచింతల వచ్చేశాక, నాతో మాట్లాడినవాళ్ళెవరూ తన గడప తొక్కనక్కర్లేదని నాన్న తేల్చి చెప్పారు. అమ్మ అప్పటికే లేదు. అమ్మ పోయాక నా చెల్లెల్ని, నాకంటే బాగా చిన్నదాన్ని, తల దువ్వి జడలేసి, పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది నేనే. దాన్ని వదిలి రావడమే నాకు అన్నిటికంటే బరువైంది. తర్వాత దానికి మాచర్లలో పెళ్ళయిందనీ, చూపు తగ్గాక నాన్న కూడా దాని దగ్గరికే వచ్చేశారనీ వాళ్ళ నోటా వీళ్ళ నోటా విన్నాను. రెంటచింతలలో బస్సెక్కితే మాచర్ల గంట ప్రయాణం కూడా కాదు. ఒకసారి అక్కడి బజారులో చెల్లెలు ఎదురుపడింది. నన్ను చూసి తల తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను మాచర్ల వెళ్ళడమే తగ్గించుకున్నాను.

బ్లాగులో అమ్మ గురించి రాసేదాన్ని. వీధిలో వాళ్ళ పేర్లు కోళ్ళకి పెట్టి, వాళ్ళ మీది కోపమంతా కోళ్ళ మీద తీర్చుకునే మా అమ్మ గురించి రాసినప్పుడు జనం పడీపడీ నవ్వారు. నాన్న గురించి రాశాను, ఎడ్ల గురించి, జొన్నచేల గురించి రాశాను. చెల్లెలి గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. రాయబోతే వేళ్ళు ఆగిపోయేవి.

ఆ కోళ్ళ కథ కిందే మొదటిసారి 'కొరివికారం' అనే పేరుతో ఎవరో వచ్చారు. పండుమిరపకాయలు దంచి పెట్టే ఆ పచ్చడి పేరు పెట్టుకున్నారంటేనే మనవైపు మనిషని తెలిసిపోయింది. మాట కూడా అంత ఘాటు. తక్కినవాళ్ళు బాగుంది, అద్భుతం అంటే ఈ మనిషి మాత్రం ఏదో ఒక తప్పు పట్టుకునేది. గోంగూరలో అది ఎయ్యరు, ఇది ఎయ్యాల అనేది. ఆ పండగ అట్టా చెయ్యరు అనేది. 'మన ఏంది, మన చానా అనే మాటలు వదిలిపెట్టి ఈ పుస్తకాల భాషేంది నీకు' అని ఒకసారి గట్టిగానే అంటించింది. మొదట్లో ఒళ్ళు మండేది. రానురాను ఏది రాసినా, దీనికి కొరివికారం ఏమంటుందో అనుకుంటూ రాయడం అలవాటైంది. ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే మా ఆయన "చూసుకో, మీ కారం వచ్చిందేమో" అని నవ్వేవారు.

అలా ఉండగా ఆ వాన కథ రాశాను. కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు, పొద్దున్నే మబ్బు లేదు, మధ్యాహ్నానికి ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. మీద కప్పడానికి పట్టాలు చాలలేదు. అమ్మ ఇంట్లోకి పరుగెత్తి పెట్టెలో చీరలన్నీ తెచ్చి కాయల మీద పరిచింది, పట్టుచీరతో సహా. నాన్న వద్దు వద్దని అరుస్తూనే ఆ చీరల అంచుల మీద రాళ్ళు పెట్టారు. వాన వెలిశాక తడిసిన చీరలన్నీ కంచె మీద ఆరేసుకుని, ముద్దయిన పట్టుచీరని చూసి అమ్మ నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేకపోయారు. అదీ కథ. అందరికీ నచ్చింది, మెచ్చుకుంటూ ఎంతోమంది రాశారు. మర్నాడు సాయంత్రం చూస్తే కొరివికారం ఒక్క వాక్యం రాసి పెట్టింది.

"గంప కింద కూర్చోబెట్టిన పిల్ల సంగతి రాయలేదేంది?"

ఆ రోజు అందరం చీరలు పరిచే హడావుడిలో ఉంటే, అప్పుడప్పుడే నడక నేర్చిన చెల్లెలు వానలోకి పరుగెత్తబోయింది. నేను దాన్ని చూరుకింద కూర్చోబెట్టి మీద ఎరువుల గంప బోర్లించి మళ్ళీ పనిలో పడ్డాను. వాన వెలిశాక గంప ఎత్తితే, అది ఏడవకుండా, నోట్లో వేలేసుకుని సందుల్లోంచి వాన చూస్తూ కూర్చుని ఉంది. అమ్మ లేని రోజుల్లో దానికి అన్నం తినిపించాలంటే ఈ కథ చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పమనేది. ఆ గంప సంగతి మా ఇద్దరికీ, నాన్నకీ, నేను చెప్పగా విన్న మా ఆయనకీ తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.

మా ఆయన్ని పిలిచి తెర చూపించాను. ఆయనకి కథ తెలుసు. "జవాబు రాయి, అక్కడే కూర్చుని ఉంటుంది" అన్నారు. ఎలా రాయను? ఆ అరుగు మీద అందరూ ఉన్నారు. ఏ పిల్ల, ఏం గంప అని అప్పటికే మస్కట్ ఆయన అడుగుతున్నారు. చివరికి "ఆ పిల్ల ఇప్పుడు ఎలా ఉంది?" అని మాత్రం కొట్టగలిగాను.

జవాబు వెంటనే వచ్చింది. "చానా పెద్దదయింది. ఇప్పుడు గంప చాలదు."

మర్నాడు డైరెక్టరీలో నంబరు వెతుక్కుని చెల్లెలు ఇంటికి ఫోను చేసింది. ఇద్దరం ముందు ఏడ్చాం, తర్వాత మాటలు. వాళ్ళాయనతో కలిసి మాచర్లలో జిరాక్సు, నెట్ సెంటరు నడుపుతున్నదట. తెలుగులో ఎవరేం రాస్తున్నారో చూద్దామని ఒకరోజు తిప్పుతుంటే కోళ్ళ కథ కనపడిందట.

"నవ్వుతా నవ్వుతా చదువుతున్నానా, ఉన్నట్టుండి నవ్వాగిపోయిందక్కా. కోళ్ళకి ఊళ్ళోవాళ్ళ పేర్లు పెట్టింది మన అమ్మొకతే గదా. అది కూడా నేను చూసింది కాదు, నువ్వు చెబితే విన్నదే."

అన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నేను రాయడం మానేస్తానని భయపడ్డదట. అన్నీ రాసి తనని వదిలేస్తుంటే మాత్రం కడుపు రగిలిపోయేదట. బజారులో తల తిప్పుకున్న సంగతి నేను ఎత్తకముందే అదే ఎత్తింది.

"తల తిప్పుకున్నా గానీ చెవులు నీ మీదే ఉన్నయ్. నువ్వు పిలవలా."



ఇంకో సంగతి కూడా చెప్పింది. మధ్యాహ్నం పూట షాపులో బేరాలు లేనప్పుడు నాన్న వచ్చి ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటారట. ఆయనకి పేపరు చదివి పెట్టినట్టే నా రాతలు కూడా చదివి పెడుతున్నదట, ఎవరు రాసిందీ చెప్పకుండా. రెండో రోజు కుర్చీలో కూర్చోగానే "ఆ అమ్మాయి ఈయాల ఏమన్నా రాసిందా?" అని అడిగారట. అప్పటినుంచి రోజూ అదే మాటట. నేనని తెలిసిందంటావా అని అడిగితే, "ఏమో, నేనడగలా. అడిగితే వినడం మానేస్తాడేమోనని భయం" అంది.

ఆ తర్వాత నేను రాసిందంతా ఒక్క మనిషి కోసమే రాశాను. పల్నాటి ఎడ్లు, సజ్జచేలో మంచె, సాగర్ కాలువ నీళ్ళు మొదటిసారి మా పొలంలోకి వచ్చినప్పుడు నాన్న ఆ నీళ్ళలో దిగి నిలబడిపోవడం, అవన్నీ వరసగా రాశాను. తక్కిన స్నేహితులకి విసుగొచ్చిందేమో కూడా, ఎవరూ అనలేదు. ఒకసారి మా ఎడ్లజత గురించి రాస్తూ, కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు పేరు రాముడు అని రాశాను. రెండు రోజుల తర్వాత కొరివికారం పేరుతో ఒక వ్యాఖ్య వచ్చింది. పేరు అదే గానీ మాట చెల్లెలిది కాదు.

"రాముణ్ణి ఎడమపక్కన ఎన్నడూ కట్టలేదు. వాడు కుడిపక్క ఎద్దు. ఊరికే గురుతు మీద రాస్తే ఇట్టాగే తప్పులు పోతయ్. తెలిసినోళ్ళు ఇంకా బతికే ఉన్నారు. వచ్చి అడిగిపోతే ఏంది?"

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఆయనా నేనూ మాచర్ల బస్సెక్కాం. షాపు ముందు చెల్లెలు నిలబడి ఉంది. లోపల ఫ్యాను కింద నాన్న, నేను మనసులో దాచుకున్న మనిషి కంటే సగానికి తగ్గిపోయి, పంచె మాత్రం ఎప్పటిలాగే తెల్లగా. నేను వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆయన చెయ్యి గాలిలో కాస్త తడుముకుని నా తల మీద ఆగింది.

"రాముడు ఏ పక్కెద్దు?" అన్నారు.

"కుడిపక్క, నాన్నా."

"ఆఁ. అది గుర్తుపెట్టుకో." కాసేపటికి మళ్ళీ, "ఇంకెవరో వచ్చినట్టుందే? నిలబెట్టారేంది? కుర్చీ ఎయ్యండి" అన్నారు.

మా ఆయన గురించి నాన్న అన్నది అంతే. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అనలేదు, ఆయన పేరెత్తి పిలిచిందీ లేదు. కానీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు కుర్చీలు వేయించి ఉంచేవారట. నాన్న ఉన్నన్నాళ్ళూ అలాగే వెళ్ళి వచ్చాం. చెప్పుకోవాల్సినవన్నీ ఆ ఫ్యాను కిందే చెప్పేసుకోవడంతో బ్లాగులో రాయడం పలచబడింది. నాన్న పోయాక ఒకటి రెండుసార్లు కూర్చున్నాను గానీ వినేవాళ్ళు లేని ఇంట్లో మాట్లాడినట్టుండి లేచిపోయాను. మస్కట్ ఆయనా, విశాఖ ఆవిడా, డాక్టరూ కూడా ఒక్కొక్కరే ఎటో జారిపోయారు. అసలు పేర్లు తెలియవు గనక వెతకడానికీ దారి లేదు.

ఇప్పుడు అందరి పేర్లూ ముఖాలూ తెలుసు. ఎవరు ఏ గుడికి వెళ్ళారో, ఎవరింట్లో ఏ టిఫినో, ఎవరి మనవడికి ఏ ర్యాంకు వచ్చిందో పొద్దున లేచేసరికి అరచేతిలో ఉంటుంది. చెల్లెలి షాపులో కంప్యూటర్లు తీసేసి ఫోన్ల అద్దాలూ, కవర్లూ పెట్టారు. దానికి మోకాళ్ళ నొప్పులు, నాకు బీపీ. మాచర్లకి బస్సులు అప్పటికంటే ఎక్కువే ఉన్నాయి, వెళ్ళడం మాత్రం పండక్కీ పబ్బానికే. నేనేం పెట్టినా అది వెంటనే చూస్తుంది, బాగుందని బొటనవేలు చూపిస్తుంది. తప్పు పట్టి చాలా కాలమైంది. ఒకసారి కావాలనే గోంగూర వంట తప్పుగా రాసి పెట్టాను, ఏమన్నా అంటుందేమోనని. దానికీ బొటనవేలే వచ్చింది. నిన్న పొద్దున అది ఒక మందారం బొమ్మ పెట్టింది. నేను ఒక దణ్ణం పెట్టాను. అంతటితో ఆ రోజుకి మా మాటలు అయిపోయాయి.