రెండు సీట్ల కారు

స్కూటరుకని దాచుకున్న డబ్బుతో కారు కొన్నానంటే కాలేజీలో ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళు నాకు మతి చెడిందనుకున్నారు. డెబ్బైల చివర, నేను అమలాపురంలో లెక్చరరుగా ఉన్న రోజులవి. కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో, పాత భూస్వాముల లోగిలిలో ఇంగ్లండు కారొకటి మూలపడి ఉందని ఎవరో చెబితే, ఊరికే చూసొద్దామని వెళ్ళాను.

కొబ్బరికాయలు పోసే షెడ్డులో ఉంది. పైకప్పు లేదు. ఇద్దరికి మించి పట్టరు. పొడుగాటి ముందుభాగం, సైకిలుకున్నట్టు ఊచల చక్రాలు. వేగంగా తోలడానికే చేసిన బండి అని చూడగానే తెలుస్తోంది. బొటనవేలితో దుమ్ము తుడిస్తే కింద ముదురాకుపచ్చ రంగు బయటపడింది. ఇక నా కాళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ ఇంటి కోడలుగారు భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. అరవై దాటినావిడ. "షెడ్డు ఖాళీ అవ్వాలండి. మీకు పనికొస్తదంటే పట్టుకెళ్ళండి," అన్నారు. స్కూటరు ఖరీదుకే ఇచ్చేశారు.

మా తాతగారు ఆ ఇంట్లోనే పాలేరుగా చేశారని నాకు తెలుసు. కొనేటప్పుడు ఆ సంగతి నా మనసులో ఉంది. కొంచెం గర్వంగానే ఉంది.

ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చేసరికి నాన్నగారు వీధి అరుగు మీద ఉన్నారు. మిషను స్కూల్లో మేస్టారుగా చేసి, అప్పుడే రిటైరయ్యారు.

"ఇదెక్కడిది?" అన్నారు. చెప్పాను.

"స్కూటరు కొంటానన్నావు కదా," అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి ఆయన కుర్చీ పెరటి వసారాలోకి మారింది.

నేను తాటాకు పాక వేయించి పనిలో దిగాను. టాక్సీలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఆదివారాలు వచ్చేవాడు. ఇంజను బిగుసుకుపోయింది. ప్లగ్గులు తీసి లోపల కిరసనాయిలు పోసి రోజుల తరబడి నాననిచ్చి, హ్యాండిలు పెట్టి తిప్పితే ఒకనాటికి మెల్లగా కదిలింది. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. దొరకని సామాను రాజమండ్రిలో లేతు మీద చేయించాం. బాడీ లోపల చెక్క చట్రం చెదలు తినేస్తే, పడవలు కట్టే వడ్రంగిని పిలిపించాను. ఆయన దాని చుట్టూ తిరిగి, "నీళ్ళలోకి దించరు కదండీ, అయితే పర్లేదు," అని నవ్వి మొదలుపెట్టాడు. సీట్ల తోలు పొరలు పొరలుగా ఊడిపోతోంది. తీసి పారేద్దామని బయటపెట్టాను.

ఆ మధ్యాహ్నమే నాన్నగారు పాక దగ్గరికి మొదటిసారి వచ్చారు. ఎడమవైపు సీటు ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇది తోమే పని మీ తాతదే," అన్నారు. "ఒకసారి నేనూ కూడా వెళ్ళేను. చిన్నవాణ్ణి. తోమడం అయ్యాక నన్నెత్తి ఇందులో కూర్చోబెట్టేడు. పెద్దాయన మేడ మీంచి చూసేరు. నన్నేం అన్లేదు. సీటు మళ్ళీ కడగమన్నారు, అంతే. నేను చూస్తుండగానే కడిగేడు."

చేతిలో పానా కింద పెట్టాను. "అమ్మేస్తానండి నాన్నగారూ," అన్నాను.

"ఎందుకూ? ఇంత కష్టపడ్డావు. కానియ్యి."

కానిచ్చాను గాని, మునుపటి హుషారు లేదు. కొత్త సీట్లు కుట్టించాను. వానాకాలం ముందు ఇంజను అందుకుంది. వీధంతా వచ్చి చూసింది. నాన్నగారు అరుగు మీదికి వచ్చి చూశారు. ఎక్కమని నేను అడగలేదు. అడిగితే ఏమంటారోనని భయం.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం కొత్తపేట దగ్గరి ఆ కోడలుగారు రిక్షాలో వచ్చి మా ఇంటి ముందు దిగారు. నాన్నగారు లేచి, "రండమ్మా, కూర్చోండి," అన్నారు. మా ఆవిడ కాఫీ తెచ్చింది. ఆవిడ గ్లాసు అందుకుని, ఒక్క క్షణం చూసి, తాగారు.

"బండి నడుస్తోందని విన్నానండి మేస్టారూ. ఒక్కసారి చూసిపోదామని."

"ఆయ్, చూడండి."

ఆవిడ వెళ్ళి తలుపు మీద చెయ్యి వేశారు. "నేను కాపరానికొచ్చేటప్పటికి ఇది కొత్త బండండి. కప్పులేని బండి ఆడవాళ్ళెక్కకూడదన్నారు మావగారు. తర్వాత్తర్వాత ఎవరూ ఎక్కమన్లేదు. నేనూ అడగలేదు."

నాన్నగారు ఆవిణ్ణి చూశారు. తర్వాత నన్ను చూశారు. "కాలవగట్టు దాకా తిప్పి తీసుకురా," అన్నారు.

తీసుకెళ్ళాను. ఆవిడ కొంగు తల చుట్టూ బిగించుకుని కూర్చున్నారు. లాకుల దగ్గర బండి మళ్ళిస్తుంటే, "ఇంకొంచెం ముందుకెళ్దామా అండీ," అన్నారు. వెళ్ళాం.

నాన్నగారు ఆ రోజు ఎక్కలేదు. గోదావరి అవతల రామచంద్రపురంలో ఆయన హాస్టలు రోజుల స్నేహితుడొకాయన ఉండేవారు. ఆయన్ని చూడబోయే ఒక ఉదయం, గొడుగు పట్టుకుని పాకలోకి వచ్చి, చెప్పులతోనే ఎక్కి కూర్చున్నారు. "బస్సు దాటిపోయింది. ముక్తేశ్వరం రేవులో దింపు," అన్నారు.

ఏదైనా అంటారని దారి పొడుగునా ఎదురుచూశాను. గాలికి కండువా ఎగిరిపోతోందని విసుక్కున్నారు. పెరటి గోడ ఎప్పుడు కట్టిస్తావని అడిగారు. రేవులో దిగి, "సాయంత్రం వస్తావా, నన్ను బస్సెక్కమంటావా?" అన్నారు. వస్తానన్నాను. పడవ కోటిపల్లి వైపు సగం దూరం వెళ్ళేదాకా గట్టున ఉండి, అప్పుడు ఏడ్చాను.

ఆ తర్వాత ఆయన రాకపోకలన్నీ అందులోనే. ఎనభైల మధ్యలో టైర్లు దొరకడం గగనమైపోయింది. పాత కార్లంటే పిచ్చి ఉన్న విశాఖపట్నం ఆయన ఒకరు వచ్చి కొనుక్కున్నారు. ఆయన స్టీరింగు ముందు కూర్చోగానే, జీవితంలో ఏ బండీ తోలని మా నాన్నగారు పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టారు.

"మూడో గేరు కాస్త బతిమాలుకోవాలండి. తొందరపెడితే పడదు."