ఏ ఆట మంచిగున్నది?

మా ఆయన పేరు మార్కండేయులు. ముప్పై ఏండ్లు అమీర్‌పేట గల్లీల జాకెట్లు కుట్టిండు. బతికున్నన్ని దినాలు ఆ పేరు నా నోట్లకెల్లి రాలే. ఇప్పుడు చెప్తున్న, ఇంక వినెటోడు లేడు గద.

ఆయనకు నాటకాల పిచ్చి. తోటి టైలర్లతోని కలిసి ‘పిట్ట ముట్టలే’ అని ఒకటి కట్టిండు. చచ్చిపోయినాయనకు మూడోనాడు విస్తర్ల బువ్వ పెడ్తరు, కాకి రాదు. ఏం కోరిక మిగిలెనో అని చుట్టాలు ఒక్కొక్కలు ఉత్తుత్త మొక్కులు మొక్కుతుంటే జనం కడుపులు పట్టుకొని నవ్వుతరు. ఆఖరికి పెండ్లామే యాష్టకొచ్చి, కూసోని ఆ బువ్వ తింటది. ఆ పెండ్లాం ఏషం మా ఆయనదే.

మొదటిసారి ఎర్రమంజిల్ క్వార్టర్లల్ల గణేశుని మండపం ముందట ఆడిండ్రు. నా చీరనే కట్టిండు. బువ్వ తినుకుంట ఏడ్చిండు చూడుండ్రి. అది నా ఏడుపు. మా ఆర్నెల్ల బిడ్డ పోయిననాడు కొంగు నోట్ల కుక్కుకొని, ఎక్కిళ్లు పెట్టుకుంట నేను ఏడ్చిన ఏడుపు. ఆనాడు ఈయన కంట్ల చుక్క నీళ్లు రాలే, గోడకు ఒరిగి నిలబడ్డడు. ఇప్పుడేమో జనం ముందట నా లెక్క ఏడుస్తుండు, జనం పగలబడి నవ్వుతుండ్రు. ఇంటికొచ్చినంక వాడకట్టంత ఇనంగ తిట్టిన. నా బిడ్డను నవ్వులపాలు చేసినవ్, సిగ్గులేదా అన్న. ఆయన తల వంచుకొని చీర మడతపెట్టిండు.

రెండోసారి పంజగుట్టల ఒక హాలుల ఆడిండ్రు. నాకు భయపడి ఏడుపు తీసేసిండు. మెతుకు మెతుకు ఏరుకుంట ఉత్తగ తిన్నడు. జనం నడుమల్నే లేచిపోయిండ్రు.

మూడోది సినిమా. మొన్నటేడు ఈ కథనే ఎవరో తీసిండ్రు. పెండ్లాం ఏషం ఒక హీరోయిన్ ఏసింది. అండ్ల కాకి సుత వస్తది, కంప్యూటర్ల చేసిన కాకి. కమ్మగ తిని పోతది, అందరు ఖుష్. ఫోన్ల నాకు చూపిచ్చి ఆయన అడిగిండు.

“ఏమే, మూడిట్ల ఏ ఆట మంచిగున్నది?”

సినిమానే అన్న, కావాలనే. ఇరవై ఏండ్ల కోపం మరి. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పిన. ఎంత పాపిష్టిదాన్ని. మిషన్ దిక్కు తిరిగి కుట్టుకునెటోడు.

నెల కింద గుండె ఆగి పోయిండు. మూడోనాడు శ్మశానం కాడ పిట్టకు పెట్టినం. మటన్, కల్లు, ఆయన తాగె ఇరానీ చాయ్. కాకులు గోడ మీదనే ఉన్నయ్, ఒక్కటి దిగుతలేదు. గంట గడిచింది. దుకాణం ముయ్యం, ఫికర్ చెయ్యకు అన్నా అని మరిది ఓంప్రకాష్ మొక్కిండు. ఏడాది తిరగంగనే యాదగిరిగుట్టకు పోతమని ఆడబిడ్డ ప్రమోద మొక్కింది. అచ్చం నాటకమే. ఆయన ఏం అడుగుతుండో నాకొక్కదానికే ఎరుక.

విస్తరి ముందట కూసున్న.

“మొదటి ఆటే మంచిగుండె. బిడ్డ నీకు సుత బిడ్డనే గద. నువ్వు గాడ ఏడ్చింది నీ ఏడుపే, నాకు ఎరుక కాలే.”

కాకి రాలే. జర ఆగి చూద్దమన్నరు చుట్టాలు. నేను ఆగలే. విస్తరి ముందటికి గుంజుకొని, బువ్వ కలిపి తినుడు మొదలువెట్టిన. రెండో ముద్దకే ఎక్కిళ్లొచ్చినయ్, కొంగు నోట్ల కుక్కుకున్న.

ఒక్కలు సుత నవ్వలే.