పిండితో చేసిన షటిల్

మున్నేరుకు పెద్ద వరద వచ్చిన ఏడు పెనుగంచిప్రోలులో మా ఇంటి పడమటి గోడ కూలింది. డెబ్బైల మధ్య మాట. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళి ఇంకా ఎంతో కాలం కాలేదు. మనుషులమంతా ముందే ఎగువ వీధిలో బంధువుల ఇంటికి చేరాం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్ళు తీశాక తిరిగొచ్చి చూస్తే, మా అత్తగారి కుట్టుమిషను ఆ గోడ మట్టి కింద ఉంది.

అత్తగారు ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు, పిల్లలకు గౌన్లు కుట్టేవారు. ఆవిడకి ఒక కంటి చూపు ఎప్పుడో పోయింది. ఆపరేషను చేయించినా తిరిగి రాలేదు. రెండో కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా కుట్టు మానలేదు. కొలతలు, కత్తిరింపు నావి, కుట్టు ఆవిడది. చాప మీద కూర్చుని, మిషను ముందు పెట్టుకుని, కుడిచేత్తో పిడి తిప్పుతూ ఎడమచేత్తో బట్టను నడిపేవారు. సూదిలోకి దారం ఎక్కించడం కూడా వేళ్ళతోనే. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆవిడకి చూపు లేదని చెబితే తప్ప తెలిసేది కాదు.

ఆ మిషనును మట్టిలోంచి తవ్వి తీసి అరుగు మీద పెట్టాం. కొయ్య మూత ముక్కలైంది. పిడి వంగింది. సూది ఉండే చోట బురద గట్టిపడి ఉంది. అత్తగారు వచ్చి పక్కన కూర్చుని దాన్ని పైనుంచి కిందికి తడిమారు.

"చక్రం తిరగట్లేదే," అన్నారు.

"మట్టి పట్టింది అత్తయ్యా. శుభ్రం చేస్తే తిరుగుద్ది."

ఆవిడ వంగిన పిడిని వేళ్ళతో పట్టి చూశారు.

నందిగామలో ఉండే మా ఆడపడుచు సంగతి తెలిసి తన కొత్త మిషను పంపించింది. దానికి పిడి బిగించి అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ దారం ఎక్కించడానికి పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమైంది. కింది దారం చుట్టే బాబిన్ గుండ్రంగా ఉంటుంది, దాన్ని డబ్బాలో పెట్టి వంచి తోయాలి. తోసినప్పుడల్లా జారి కింద పడింది. చివరికి నేను పెట్టిచ్చాను. కుట్టు వంకరపోయింది, దారం ముడిపడింది. ఆవిడ మిషనును నెమ్మదిగా పక్కకు జరిపి, "మంచి మిషనేనమ్మా. నా చేతికి అలవాటు లేదు," అన్నారు.

ఆ తరవాత రోజూ అన్నం తిన్నాక పాత చోటే చాప వేసుకుని కూర్చునేవారు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, వీధిలో ఎవరు వెళుతున్నారో అడుగుల చప్పుడు వింటూ. నేను చూడలేకపోయాను.

మా ఆయనకు మునిగిన మిరపచేను పని ఉంది. "ఆ ఇనుము పట్టుకుని ఏం చేస్తావు? అమ్మ నెమ్మదిగా కొత్తదానికి అలవాటు పడుద్దిలే," అన్నారు.

"పడదండీ. ఆవిడ పడ్డ పాట్లు నేను చూశాను. ఇదే బాగుచేస్తా."

"నీకేం తెలుసు మిషను గురించి?"

"తెలీదు. తెలుసుకుంటా."

చెప్పాను కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొదట ఎండిన మట్టిని వెదురు పుల్లతో గీకాను. తుప్పు పట్టిన చోటల్లా కోడి ఈకతో కిరసనాయిలు పూశాను. ఒకసారి కొబ్బరినూనె సీసా మూత తీస్తుంటే వాసన పట్టి అత్తగారు లోపలి నుంచి కేకేశారు.

"అది పొయ్యకమ్మాయ్. నాలుగు రోజులకు జిగురై పట్టేస్తది. మిషను నూనె తెప్పించు."

అప్పటి నుంచి ఆవిడ నా పక్కనే కూర్చునేవారు. నేను విప్పిన ప్రతి మరనీ ఆవిడ చేతిలో పెట్టేదాన్ని. ఆవిడ వరుస తప్పకుండా తన ముందున్న పళ్ళెంలో పేర్చేవారు. తిరిగి బిగించేటప్పుడు ఒక్కోటీ తీసి ఇచ్చేవారు. రోజులు గడిచాక ఒక సాయంత్రం చక్రం చిన్నగా కదిలింది. ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం. మర్నాటికి పూర్తిగా తిరిగింది.

అప్పుడు తెలిసింది, అసలు భాగం లేదని. సూది కింద రెండు జారుడు పలకలు ఉండాలి. ఒకటే ఉంది. వాటి కింద ఉండే షటిల్, కింది దారం పట్టుకుని ఉండే ముక్క, అదీ లేదు. కూలిన గోడ మట్టినంతా జల్లెడ పట్టాను. రెండో పలక దొరికింది. గుండీలు దొరికాయి, విరిగిన సూదులు దొరికాయి. షటిల్ దొరకలేదు. వరద నీళ్ళు పట్టుకుపోయి ఉంటాయి.

"ఎలా ఉంటుంది అత్తయ్యా అది?" అని అడిగాను. రోజూ చూసిన వస్తువే అయినా దాని రూపం నాకు సరిగ్గా గుర్తు రాలేదు.

"పడవలా ఉంటది," అన్నారు ఆవిడ. గాల్లో వేలితో దాని ఆకారం గీసి, "పిండి తడిపి పట్రా," అన్నారు.

గోధుమపిండి గట్టిగా తడిపి ఇచ్చాను. ఆవిడ చిన్న ముద్ద తీసుకుని వేళ్ళ మధ్య నలిపారు, సాగదీశారు, ఒక కొస మొనగా చేశారు, రెండో కొస మొద్దుగా ఉంచారు. చిటికెన వేలంత పొడవు. "మొన నడిమధ్యలో ఉండదు, చూడు. ఒక పక్కకి ఒరిగి ఉంటది," అంటూ గోటితో సరిచేశారు. పక్కన దారం బయటికి వచ్చే చీలిక గీశారు. నలిపేసి మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి ఒకటి నచ్చింది. దాన్ని ఎండలో పెట్టాను. గట్టిపడింది.

ఆ పిండి షటిల్‌ను గుడ్డలో చుట్టుకుని, మిషనును గోనెసంచిలో వేసుకుని నందిగామ బస్సెక్కాను. బస్టాండు వెనక సందులో మిషన్లు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. అందరూ మాస్టారనేవాళ్ళు. కొట్టు ముందు చిన్న బల్ల, బల్ల మీద స్క్రూడ్రైవర్లు. మిషను మీదున్న కంపెనీ పేరు చూపించి, దీనికి షటిల్ కావాలన్నాను.

ఆయన మిషనును వెనక్కి పడుకోబెట్టి అడుగు చూశాడు.

"ఈ పేరు దీనిది కాదమ్మా. ఎవరో తరవాత రంగేసి రాయించారు."

"మరి దీనిదేంటండీ?"

"పైన చూస్తే తెలీదు. చక్రం తిప్పి ఇక్కడ చూడు." ఆయన వేలు పెట్టిన చోట ఒక ఇనప చెయ్యి ఈ పక్క నుంచి ఆ పక్కకు జారుతోంది. "ఇప్పటి మిషన్లలో ఇది గుండ్రంగా తిరుగుద్ది. కొన్ని పాతవాటిలో ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగుద్ది. నీది ఇట్టా అడ్డంగా జారే రకం. జర్మనీ నుంచి వచ్చేవి ఓడల్లో. నేను పని నేర్చుకునే రోజులకే కొత్తవి రావడం ఆగిపోయింది."

గుడ్డ విప్పి పిండి షటిల్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని తీసుకుని వెలుగులోకి పట్టి చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఎవరు చేశారు?"

"మా అత్తగారండీ. చూపు లేదు ఆవిడకి."

"సరిగ్గా చేశారు. కానీ ఇది నా దగ్గర లేదు, బెజవాడలో కూడా దొరకదు. పాత ఇనుముకు వెయ్యడం తప్ప చేసేదేం లేదమ్మా."

"దొరక్కపోతే చేయించొచ్చు కదండీ?"

"పిండిని చూసి ఇనుము చెయ్యరుగా. అసలుది ఒకటి కళ్ళ ముందుండాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా దారం తెగుద్ది."

"ఇలాంటి మిషను ఇంకెవరి దగ్గరన్నా ఉందాండీ?"

ఆయన ఆలోచించి, ఒకప్పుడు జగ్గయ్యపేటలో ఇలాంటిదొకటి బాగుచేసినట్టు గుర్తుందన్నాడు. ఎవరిదో గుర్తులేదు. నేను లేవబోతుంటే ఆపి, సూది ఎలా పెట్టాలో చూపించాడు. షటిల్ మొన సూది పక్కనుంచి దూరేటప్పుడు సూది బెజ్జం ఆ మొనకు కాస్త కిందుగా ఉండాలి. పై దారం అక్కడ చిన్న ఉచ్చులా విచ్చుకుంటే, మొన అందులోకి దూరుతుంది. "ఇదే కుట్టంటే. మిగతాదంతా దీనికి చాకిరీ చేసేదే," అన్నాడు.

జగ్గయ్యపేటకు వెళ్ళిన ప్రతిసారీ టైలరు కొట్లన్నీ తిరిగాను. "మీ పాత మిషను ఒకసారి వెనక్కి వంచి చూపిస్తారా?" అని అడిగితే విచిత్రంగా చూసేవాళ్ళు. కొందరు కసిరారు. ఒకాయన, మీ ఇంట్లో మగవాళ్ళు లేరా అన్నాడు. ఉన్నారు, చేలో ఉన్నారని చెప్పి, ఆయన మిషను కూడా వంచి చూసే వచ్చాను. గుండ్రంగా తిరిగేవి, ఉయ్యాలలా ఊగేవి బోలెడు కనిపించాయి. అడ్డంగా జారేది మాత్రం లేదు.

చివరికి ఒక గుండీల కొట్టులో, చెరువు బజారు వైపు స్కూలు పిల్లలకు నిక్కర్లు కుట్టే ఆవిడ ఉందని, ఆమె మిషను చప్పుడు వేరుగా ఉంటుందని చెప్పారు. వెళ్ళాను. గుమ్మంలో నిలబడగానే వినిపించింది. టకటక కాదు, ఈ పక్కకొకటి ఆ పక్కకొకటి దెబ్బ. మా ఇంట్లో చప్పుడే.

ఆమె కోదాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. వయసు నలభై దాటి ఉంటుంది. నా కథంతా విని మిషను ఆపింది. పలక జరిపి షటిల్ తీసి చూపించింది. నా గుడ్డలోని పిండి ముక్క పక్కన పెడితే రెండూ ఒకటే.

"ఒక్కరోజు ఇస్తారా అక్కా? చూపించి చేయించుకుని తెచ్చిస్తా."

"నేనియ్యనమ్మా. ఉన్నదొక్కటే. పోయిందనుకో, నా పొయ్యి ఆగిపోతది."

ఆమె అన్నది నిజం. నేను బతిమాలలేదు. గడప మీద కూర్చుండిపోయాను. లేచి వెళ్ళడానికి మాత్రం మనసొప్పలేదు. ఆమె మళ్ళీ మిషను తిప్పుకుంది. చేతిలో ఉన్న నిక్కరు పూర్తిచేసి మడతపెట్టి, "మీ అత్తకు అసలే కనపడదా?" అని అడిగింది.

"వెలుగు తెలుస్తుంది, అంతే."

ఆమె షటిల్ తీసి కొంగున ముడివేసుకుంది. "నడువు. నేను గూడ వస్త. నా కళ్ళ ముందే చేయించుకో."

తాళాలు, త్రాసులు బాగుచేసే ఆయన ఒకడు బజారు చివర ఉన్నాడు. ఆయన షటిల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, విరిగిన రంపపు రేకు ఒకటి తీశాడు. కొలిమిలో కాల్చి మెత్తబరిచి, వంచి, ఆకురాయితో రాస్తూ పోయాడు. మేమిద్దరం చెక్కపెట్టె మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆమె తన షటిల్ మీంచి చూపు తిప్పలేదు. మొదటిది వంచేటప్పుడే పగిలింది. రెండోది కుదిరింది కానీ ఆమె వేలితో తడిమి, "మొన దగ్గర గరుకుంది. దారం తెగుతది," అంది. ఆయన విసుక్కుంటూనే మళ్ళీ నున్నగా రాశాడు. ఆమె మళ్ళీ తడిమింది, మళ్ళీ తిప్పి ఇచ్చింది. చీకటి పడకముందే ఆమె ఇంటికి వెళ్ళి, కొత్త షటిల్‌ను ఆమె మిషనులోనే వేసి తిప్పాం. గుడ్డ మీద కుట్టు పడింది.

"పడింది," అంది ఆమె. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఇంటికొచ్చి మా మిషనులో వేస్తే నాలుగు కుట్లు పడి రెండు తప్పిపోయాయి. మా ఆయన చూసి, "చేయాల్సింది చేశావుగా. ఇక వదిలెయ్," అన్నారు. ఇంత దూరం వచ్చాక వదలడానికి నాకు చేతులు రాలేదు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద వెలుగులో పెట్టుకుని కూర్చున్నాను. అత్తగారు చెవి దగ్గరగా పెట్టి, "నెమ్మదిగా తిప్పు," అన్నారు. తిప్పాను.

"మొన వచ్చేటప్పటికి దారం సిద్ధంగా లేదు. షటిల్ ఉత్తినే పోతోంది."

నందిగామ మాస్టారు చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది. నేను బజారులో దొరికిన సూది పెట్టాను. అది పాత సూది కంటే పొట్టిది. దాని బెజ్జం మొన కంటే పైనే ఉండిపోయింది. సూదిని బిగింపులో కొంచెం కిందికి దించాను. సరిపోలేదు. మరికాస్త దించాను. ఈసారి మొన ఉచ్చులోకి దూరడం కళ్ళతో చూశాను. చక్రం తిప్పుతూ గుడ్డను చివరిదాకా పోనిచ్చాను. ఒక్క కుట్టూ తప్పలేదు.

"జరుగమ్మా," అన్నారు అత్తగారు. చాప సర్దుకుని కూర్చున్నారు. దారం తీశారు, ఎక్కించారు, పలక జరిపి షటిల్‌ను వేళ్ళతో ఒకసారి చుట్టూ తడిమి లోపల పెట్టారు. గౌను గుడ్డ ముక్కలేవో కుట్టారు. ఆపకుండా కుట్టారు. మా ఆయన చేలోంచి వచ్చి, గుమ్మం దగ్గర పార పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఆ ఏడు వరదలో మునిగిన మిషన్లు ఊళ్ళో ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కరే తేవడం మొదలుపెట్టారు. ఆడమనిషి మిషను విప్పడమేంటన్నవాళ్ళు కూడా తెచ్చారు. ఎనభైలు వచ్చేసరికి చెవిటికల్లు నుంచీ, కీసర నుంచీ కబురు వచ్చేది. మిషను ముందుకు రాగానే పైనున్న పేరు చదవను. వెనక్కి వంచి, చక్రం తిప్పి, అడుగున ఏది ఎటు కదులుతుందో చూస్తాను. అది తెలిస్తే సగం పని అయినట్టే. తెలియకపోతే అత్తగారిని పిలిచేదాన్ని. ఆవిడ చెవి పెట్టి విని, పట్టేసిన చోటు వేలితో చూపించేవారు. ఎంత విన్నా పలకనివి కూడా వచ్చాయి. ఇనప ఒళ్ళే పగిలిన ఒకదాన్ని ఇద్దరం కలిసి ఎంత ప్రయత్నించినా నిలబెట్టలేకపోయాం. దాని యజమాని ఏడుస్తుంటే, అత్తగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తన మిషను ఆమె ముందుకు జరిపారు.

"నీ పని అయ్యేదాకా దీని మీద కుట్టుకో," అన్నారు. "ఎట్టా తిప్పాలో నేను చెబుతా."