పై పొర

ముత్తియాల్‌పేటలో నాది చిన్న ఫోటో స్టూడియో. మా దగ్గర మనిషి పోతే కర్మనాటికి పటం కట్టించాలి, ఆ పటంలో మనిషి తెల్లగా ఉండాలి. తేంగాయితిట్టు రేవులో జీవితమంతా ఎండకు మాడినవాణ్ణి కూడా పాలలో ముంచి తీసినట్టు చేసిమ్మంటారు. చేసిస్తాను. కానీ అసలు ఫోటోను ముట్టుకోను. కంప్యూటర్లో దానిమీద ఇంకో పొర వేసి, రంగులన్నీ ఆ పొరలోనే మారుస్తాను. పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే పొర మాయమై, కింద మనిషి ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

నా భార్య పోయినప్పుడు ఆమె అక్క నా కుర్చీ వెనకే నిలబడింది.

"ఇంగా రొంత తెల్లంగా చెయ్యి మరిదీ. పటంలో గూడా నల్లంగానే ఉండాల్నా అది?"

ఏడుస్తున్న మనిషితో ఏం వాదిస్తాను? చేశాను.

ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ పటానికి దండం పెట్టి, ఎంత కళగా ఉందో అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. పటంలో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదు. ఆవిడతో నేను ఒక్కరోజు కూడా కాపురం చెయ్యలేదు.

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు స్టూడియోలో ఆ ఫైలు తెరిచి కన్ను గుర్తు నొక్కుతాను. నల్లటి బుగ్గ, దానిమీద తాలింపు చిట్లినప్పటి లేత మచ్చ, అన్నీ తిరిగొస్తాయి. క్యారియర్ విప్పుకుని ఆమె ఎదురుగా తింటాను.

ఇంట్లో మాత్రం ఆ పటానికి వీపు పెట్టి కూర్చుంటాను.